అమ్మానాన్నలతో సింగపూర్‌... వాళ్ల వేగంతోనే!

ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. ఎడ్యుకేషన్‌ లోన్‌ ఓ కొలిక్కి వచ్చింది. ఇప్పుడైనా అమ్మానాన్నలను ఒకసారి విమానం ఎక్కించి బయటి దేశం చూపించాలి... మీలో చాలామంది మనసులో ఈ మాట తిరుగుతూనే ఉంటుంది. మొదటి విదేశీ యాత్ర అనగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే పేర్లలో సింగపూర్‌ ఒకటి. హైదరాబాద్‌ నుంచి నేరుగా వెళ్తే దాదాపు నాలుగున్నర గంటల ప్రయాణం. ఊరు శుభ్రంగా ఉంటుంది. రాత్రిపూట తిరిగినా భయం లేదు. ఇడ్లీ, దోసె దొరుకుతాయి. గుళ్లున్నాయి. పెద్దవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

కావాల్సింది ఇంకొకటుంది. వాళ్లకు సరిపడే ప్లాన్‌. మనం ఫ్రెండ్స్‌తో గోవా వెళ్లినట్టు రోజుకు ఏడెనిమిది చోట్లు రాసేసుకుంటాం. పాతికేళ్ల కాళ్లకు కుదిరే షెడ్యూల్‌ను అరవైకి దగ్గరపడ్డ మోకాళ్ల మీద రుద్దుతాం. అలసిపోయారా అని అడిగితే ‘మాకేం పర్లేదురా, నువ్వు పద’ అంటారు. ఆ మాట నమ్మి పరుగులు పెట్టిస్తే మూడో రోజు పొద్దున ‘మీరు వెళ్లి రండి, మేం గదిలోనే ఉంటాం’ అంటారు. ఇన్నేళ్లు కూడబెట్టి వాళ్లకు చూపించేది హోటల్‌ గదేనా?

ఏ సిస్టమ్‌ వేగాన్నయినా అందులో అన్నిటికంటే నెమ్మదిగా నడిచే భాగమే నిర్ణయిస్తుంది. ఇంజినీరింగ్‌లో దాన్నే బాటిల్‌నెక్‌ అంటాం. కుటుంబ యాత్రకూ అదే సూత్రం. కాకపోతే ఇక్కడ నెమ్మదిగా నడిచే మనిషి అడ్డంకి కాదు. యాత్ర చేస్తున్నదే ఆ మనిషి కోసం. అందుకే ప్లాన్‌ను చూడాల్సిన ప్రదేశాల లిస్టుతో కాకుండా వాళ్ల నడక, నిద్ర, తిండి... ఈ మూడింటితో మొదలుపెట్టండి.

ముందు ఇంట్లో అడగండి

యాప్‌ తెరిచే ముందు ఒక్కొక్కరినీ విడివిడిగా రెండు ప్రశ్నలు అడగండి. తప్పకుండా చూడాలనుకుంటున్నదేంటి? అస్సలు వద్దనుకుంటున్నదేంటి? నాన్న ఎదురుగా అమ్మను అడిగితే ‘ఆయనకేది ఇష్టమైతే అదే’ అనేస్తుంది. వంటింట్లో తను ఒక్కతే ఉన్నప్పుడు కదపండి. అక్కడ ఏమేం ఉన్నాయో తెలియనివాళ్లు ఏం అడుగుతారు అంటారా? ఓ పది ప్రదేశాల వీడియోలు టీవీలో పెట్టండి. దేనికి కళ్లు విప్పారుతున్నాయో, దేనికి ఫోన్‌ చూసుకుంటున్నారో మీకే తెలిసిపోతుంది.

తర్వాత నడక లెక్క. వారం రోజులు వాళ్ల ఫోన్‌లో స్టెప్‌ కౌంటర్‌ చూడండి. రోజుకు నాలుగు వేల అడుగులు వేసేవాళ్లతో ఒక్కసారిగా పద్నాలుగు వేలు నడిపించలేం. టూర్‌లో పది వేలు ఇట్టే దాటిపోతాయి. నెల ముందు నుంచే సాయంత్రం నడక అలవాటు చేయించండి. కొత్త బూట్లు ఇక్కడే తొడిగించి నడిపించండి. సింగపూర్‌లో మొదటిసారి వేస్తే బొబ్బలెక్కేది ఖాయం.

ఏ నెలలో వెళ్తే మేలు?

సింగపూర్‌ భూమధ్యరేఖకు ఆనుకున్నట్టే ఉంటుంది. ఏడాదంతా ఉక్కపోత, ఏ రోజైనా వాన. నవంబరు నుంచి జనవరి దాకా వానలు ఇంకాస్త ఎక్కువ. కాబట్టి గొడుగు ఎప్పుడూ బ్యాగులోనే ఉండాలి. చైనీస్‌ న్యూ ఇయర్‌ రోజుల్లో చాలా దుకాణాలు, హోటళ్లు మూసి ఉంటాయి. ఇక్కడ ఇంకో చిక్కుంది. అక్కడ వీధుల్లో రాత్రిపూట జరిగే ఫార్ములా వన్‌ రేసు సెప్టెంబరు - అక్టోబరు మధ్యలో వస్తుంది. సరిగ్గా మన దసరా సెలవుల టైమ్‌ అన్నమాట. ఆ వారం హోటల్‌ రేట్లు అమాంతం పెరుగుతాయి. లీవ్‌ పెట్టే ముందే రేసు తేదీలు చూసుకోండి.

కాగితాల దగ్గర తొందరొద్దు

మనకు సింగపూర్‌ వీసా తప్పనిసరి. పాస్‌పోర్టుపై స్టిక్కర్‌ వేయరు, ఈ-వీసా వస్తుంది. సాధారణంగా అధీకృత ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి. వీసా ఫీజు 30 సింగపూర్‌ డాలర్లు, దానిమీద ఏజెంటు సర్వీసు ఛార్జీ. వీసా రాకపోయినా ఫీజు తిరిగిరాదు. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

మన ఇళ్లలో అసలు తలనొప్పి పేర్ల దగ్గర వస్తుంది. అమ్మ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు, టికెట్‌లో పొట్టి అక్షరాలు... ఇలా ఉంటే ఎయిర్‌పోర్టులో చిక్కే. టికెట్‌ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని టైప్‌ చేయండి, వేరొకరితో చదివించండి.

ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్‌ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ప్రతి ఒక్కరికీ విడిగా కావాలి. ఇది పూర్తిగా ఉచితం. సెర్చ్‌లో పైపైన కనిపించే కొన్ని సైట్లు దీనికి డబ్బులు అడుగుతాయి. సింగపూర్‌ ఇమిగ్రేషన్‌ సంస్థ ఐసీఏ అధికారిక సైట్‌లో గానీ, వాళ్ల యాప్‌లో గానీ మాత్రమే నింపండి.

ట్రావెల్‌ ఇన్సూరెన్స్‌ తీసుకునేటప్పుడు నాన్న బీపీ, అమ్మ షుగర్‌ దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు కవర్‌ ఉందో లేదో చదివే కొనండి. ఇక్కడి హెల్త్‌ పాలసీలు చాలావరకు విదేశాల్లో పనిచేయవు. నడక కష్టమైతే టికెట్‌ బుక్‌ చేసేటప్పుడే వీల్‌చెయిర్‌ సాయం అడగండి. ‘నేనేమైనా రోగినా’ అని నాన్న చిన్నబుచ్చుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో గేటు దాకా ఎంత దూరం ఉంటుందో చెప్పి ఒప్పించండి.

చాట్‌బాట్‌ ఇచ్చిన ప్లాన్‌... ఓసారి ఆగండి

ఇప్పుడు అందరూ చేస్తున్న పని... ‘సింగపూర్‌కు ఐదు రోజుల ప్లాన్‌ ఇవ్వు’ అని ఏఐని అడగడం. పది సెకన్లలో చక్కటి టేబుల్‌ వచ్చేస్తుంది. అందులో సాధారణంగా రెండు లోపాలుంటాయి. ఒకటి, మ్యాప్‌ మీద పక్కపక్కనే ఉన్నవన్నీ ఒకే రోజులో కుక్కేస్తుంది. లోపల నడిచే దూరం, క్యూ, టాయిలెట్‌, టీ... ఇవేవీ దాని లెక్కలో ఉండవు. రెండు, పాత సమాచారం. జురాంగ్‌ బర్డ్‌ పార్క్‌ 2023 జనవరిలోనే మూతపడింది. దాని స్థానంలో మండాయ్‌లో అదే ఏడాది బర్డ్‌ ప్యారడైజ్‌ తెరిచారు. సెంటోసా దీవిలో ఉండే పెద్ద మెర్‌లయన్‌ విగ్రహం 2019లోనే మూసేశారు. అక్కడి సీ అక్వేరియం 2025లో సింగపూర్‌ ఓషనేరియంగా మారింది. అయినా వాట్సాప్‌లో తిరిగే ప్లాన్లలో, పాత వీడియోల్లో అవే పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి.

ఏఐని వాడొద్దని కాదు. షరతులు పెట్టి అడగండి. ‘రోజుకు రెండే ప్రదేశాలు, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా గదిలో విశ్రాంతి, ఒక విడతలో 15 నిమిషాలకు మించి నడక వద్దు, శాకాహారం’... ఇలా రాస్తే చాలావరకు పనికొచ్చే ప్లాన్‌ ఇస్తుంది. తర్వాత ప్రతి చోటునూ దాని అధికారిక సైట్‌లో చూసుకోవాలి. ముఖ్యంగా లోనికి వదిలే చివరి సమయం, మరమ్మతు సెలవులు. గార్డెన్స్‌ బై ద బేలోని అద్దాల తోటలకు కొన్ని రోజులు మెయింటెనెన్స్‌ సెలవు ఉంటుంది. ఇంకో జాగ్రత్త... వీసా ఫారం నింపిపెట్టమని పాస్‌పోర్టు ఫొటోలను చాట్‌బాట్‌లో మాత్రం అప్‌లోడ్‌ చేయకండి.

హోటల్‌ ఎక్కడ తీసుకోవాలి?

మనం స్విమ్మింగ్‌ పూల్‌ ఫొటో చూసి హోటల్‌ తీసుకుంటాం. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు మెట్రో మ్యాప్‌ చూసి తీసుకోవాలి. సింగపూర్‌ మెట్రోను ఎంఆర్‌టీ అంటారు. అందులో లిటిల్‌ ఇండియా స్టేషన్‌ డౌన్‌టౌన్‌, నార్త్‌ ఈస్ట్‌ అనే రెండు లైన్ల మీద ఉంటుంది. ఇక్కడి నుంచి డౌన్‌టౌన్‌ లైన్‌లో బొటానిక్‌ గార్డెన్స్‌ మూడు స్టాపులు. అటువైపు వెళ్తే గార్డెన్స్‌ బై ద బే ఉన్న బేఫ్రంట్‌ నాలుగు స్టాపులు. నార్త్‌ ఈస్ట్‌ లైన్‌ ఎక్కితే చైనాటౌన్‌, సెంటోసాకు దారితీసే హార్బర్‌ఫ్రంట్‌. ఎక్కడా రైలు మారక్కర్లేదు. రైలు మారే ప్రతిసారీ పొడవాటి దారులు, ఎస్కలేటర్లు ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఈ పేటలోనే మన భోజనం దొరుకుతుంది. సెరంగూన్‌ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్‌ గుడి ఉంది. ఫారర్‌ పార్క్‌ స్టేషన్‌కు కూతవేటు దూరం. పొద్దున్నే గుడికెళ్లి వస్తే అమ్మకు పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించదు. మన గుళ్లలాగే మధ్యాహ్నం మూసేస్తారు, టైమ్‌ చూసుకుని వెళ్లండి.

మొదటి రోజు లెక్క ఇదీ

సింగపూర్‌ టైమ్‌ మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి 11 గంటలకు హైదరాబాద్‌లో విమానం ఎక్కితే అక్కడ దిగేసరికి ఉదయం ఆరు. మన గడియారంలో తెల్లవారుజామున మూడున్నర! విమానంలో అమ్మానాన్నలకు ఎటూ నిద్ర పట్టదు. హోటళ్లు మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గానీ గది ఇవ్వవు. అంటే నిద్రలేని మనుషులు ఎనిమిది గంటలపాటు రోడ్డు మీద అన్నమాట. ఈ ఒక్క తప్పు రాబోయే రెండు రోజులను తినేస్తుంది.

పరిష్కారాలు మూడు. పగటి విమానం చూసుకోవడం, ముందు రాత్రికీ గది బుక్‌ చేయడం, లేదంటే కాస్త ఎక్కువిచ్చి ఎర్లీ చెకిన్‌ రాయించుకోవడం. మిగతా ఖర్చులు ఎక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం వద్దు.

ఐదు రాత్రులకు ఓ నమూనా

మొదటి రోజు: నిద్ర, స్నానం, భోజనం. సాయంత్రం లిటిల్‌ ఇండియా వీధుల్లో నడక. అంతే.

రెండో రోజు: ఉదయం బొటానిక్‌ గార్డెన్స్‌. 1859 నాటి ఈ తోటకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఉదయం 5 గంటలకే తెరుస్తారు, ప్రవేశం ఉచితం. నాన్న మార్నింగ్‌ వాక్‌ ఇక్కడే చేసేయొచ్చు. లోపలి ఆర్కిడ్‌ తోటకు మాత్రం టికెట్‌. మధ్యాహ్నం విశ్రాంతి. నాలుగున్నరకు గార్డెన్స్‌ బై ద బే. క్లౌడ్‌ ఫారెస్ట్‌లో ఏసీ చల్లదనం, 35 మీటర్ల జలపాతం. చీకటి పడ్డాక బయట సూపర్‌ట్రీల కింద లైట్‌ షో, రాత్రి 7.45కు, మళ్లీ 8.45కు. ఇది ఉచితం. మొదటి షోకే వెళ్లండి, భోజనానికి ఆలస్యం కాదు.

మూడో రోజు: సెంటోసా. ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. అందరూ అన్నిచోట్లకూ కలిసే వెళ్లాలన్న రూలేం లేదు. యూనివర్సల్‌ స్టూడియోస్‌ రైడ్లు తమ్ముడికీ మీకూ ఇష్టం కావచ్చు. అమ్మానాన్నలకు అది ఎండలో క్యూ తప్ప ఇంకేం కాదు. వాళ్లకు కేబుల్‌ కార్‌, ఓషనేరియం. ఒకరు వాళ్ల వెంట ఉండండి. సాయంత్రం అందరూ బీచ్‌లో కలుసుకోండి.

నాలుగో రోజు: మండాయ్‌లోని జూ, బర్డ్‌ ప్యారడైజ్‌, నైట్‌ సఫారీ... మూడింటిలో ఒక్కటే. జూలోనూ నైట్‌ సఫారీలోనూ ట్రామ్‌ ఉంది కాబట్టి కూర్చుని చూడొచ్చు. ఈ చోటు ఊరికి ఉత్తరాన దూరంగా ఉంటుంది. కనీసం తిరుగు ప్రయాణానికైనా టాక్సీ పెట్టుకోండి.

ఐదో రోజు: ఉదయం చైనాటౌన్‌. 1827లో మొదలైన మారియమ్మన్‌ గుడి, దానికి దగ్గర్లోనే బుద్ధుడి దంత అవశేషం పేరుతో ఉన్న ఆలయం. సాయంత్రం సింగపూర్‌ నదిలో పడవ షికారు. మెర్‌లయన్‌, మెరీనా బే మేడలు అన్నీ కూర్చున్నచోటి నుంచే కనిపిస్తాయి. నడక సున్నా!

ఆరో రోజు: ఎయిర్‌పోర్టుకు మూడు గంటలు ముందుగా వెళ్లి జ్యువెల్‌ చూడండి. 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే ఇండోర్‌ జలపాతం ఇక్కడే. పొద్దున్నే దిగినప్పుడు చూద్దామంటే కుదరదు. పదీ పదకొండు గంటలకు గానీ నీళ్లు వదలరు.

తిండి... అమ్మకూ సెలవే

రైస్‌ కుక్కర్‌ మోసుకెళ్లి హోటల్‌ గదిలో అమ్మ చేత వండించే కుటుంబాలున్నాయి. చాలా హోటళ్లు గదిలో వంట ఒప్పుకోవు, అది వేరే సంగతి. ముప్పై ఏళ్లుగా వండుతున్న మనిషిని సముద్రం దాటించి తీసుకెళ్లి మళ్లీ గరిటే చేతికివ్వడం ఏం న్యాయం? ఆరు రోజులు ఆవిడ వంటింటి మొహం చూడకూడదు, దీన్ని బడ్జెట్‌లో రాసేసుకోండి. సెరంగూన్‌ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌ లాంటి శాకాహార హోటళ్లున్నాయి. కారప్పొడి, ఆవకాయ సీసా, అటుకులు వెంట ఉంటే చాలు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసాలు కొనకండి.

హాకర్‌ సెంటర్లలో తక్కువ ఖర్చుతో తినొచ్చు. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి. అది అక్కడ మర్యాద మాత్రమే కాదు, నిబంధన కూడా. పెద్ద రెస్టారెంట్ల మెనూలో ధర పక్కన రెండు ప్లస్‌ గుర్తులు కనిపిస్తే 10 శాతం సర్వీస్‌ ఛార్జీ, 9 శాతం జీఎస్టీ అదనమని అర్థం. మెట్రోలో తినడం, తాగడం నిషేధం. నీళ్లు కూడా!

బ్యాగులో ఇవి వద్దే వద్దు

సింగపూర్‌ చట్టాలు కఠినం. గసగసాలు అక్కడ మాదకద్రవ్యాల విభాగం నిషేధించిన వస్తువు. అమ్మ ప్రేమగా కట్టిన మసాలా పొట్లంలో అవి ఉన్నాయేమో చూడండి. చూయింగ్‌ గమ్‌, గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్లు తీసుకెళ్లకూడదు. మామూలు సిగరెట్లకు డ్యూటీ ఫ్రీ మినహాయింపు లేదు. చికెన్‌ పచ్చడి లాంటి మాంసం పదార్థాలూ వద్దు. కొన్ని నిద్రమాత్రలకు, కొడీన్‌ ఉన్న దగ్గు మందులకు ముందస్తు అనుమతి కావాలి. మిగతా మందులు ఒరిజినల్‌ స్ట్రిప్‌లతో, డాక్టర్‌ చీటీతో, చేతి బ్యాగులో పెట్టుకోండి.

‘మా అబ్బాయి అక్కడే ఉంటాడు, ఈ ప్యాకెట్‌ కాస్త ఇచ్చేయండి’ అని ఊళ్లో ఎవరో ఒకరు వస్తారు. మొహమాటపడితే కష్టం. మాదకద్రవ్యాల రవాణాకు ఉరిశిక్ష వేసే దేశం అది. లోపల ఏముందో మీ చేతులతో సర్దనిది ఏదీ తీసుకోవద్దు. అవసరమైతే నెపం మీ మీద వేసుకుని, ‘మావాడు ఒప్పుకోవడం లేదు’ అని అమ్మానాన్నల చేత చెప్పించండి.

డబ్బు... ముందే దాచుకోండి

‘ఇప్పుడు తిరగండి, తర్వాత కట్టండి’ అనే ఈఎంఐ ఆఫర్లు ఫోన్‌ నిండా ఉంటాయి. ఆరు రోజుల సరదాకు రెండేళ్ల వాయిదాలు అవసరమా? ఖర్చు అంచనా వేసి, వచ్చే 12 లేదా 18 నెలలకు భాగించి ఆర్‌డీ మొదలుపెట్టండి. టూర్‌ ప్యాకేజీ కొంటే టీసీఎస్‌ కూడా వసూలు చేస్తారు. అది ఎవరి పాన్‌ మీద పడితే వాళ్లు ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

మన క్రెడిట్‌, డెబిట్‌ కార్డుల్లో చాలావాటికి ఫారెక్స్‌ మార్కప్‌ ఉంటుంది. ముందే కనుక్కోండి. అక్కడ కార్డు మెషీన్‌ ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టమైన రేటు పడుతుంది. మెట్రోలో ట్యాప్‌ చేసే వీసా, మాస్టర్‌ కార్డులు పనిచేస్తాయి. కాకపోతే ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండాలి. విదేశీ కార్డయితే వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్ల రుసుము పడుతుంది. అమ్మానాన్నలకు ఈజీ లింక్‌ కార్డు కొనిస్తే సులువు. చంటిపిల్లలుంటే ఒక సంగతి... 1.35 మీటర్ల లోపు పిల్లలకు ప్రైవేటు యాప్‌ కార్లలో చైల్డ్‌ సీట్‌ తప్పనిసరి, మామూలు టాక్సీలకు ఆ నిబంధన లేదు.

ఇంకో చిట్కా. ప్రతి బిల్లునూ నాన్న రూపాయల్లోకి మార్చి ‘టీకి ఇంతా!’ అంటారు, తాగడం మానేస్తారు. బిల్లు మీ దగ్గరే ఉంచుకోండి. టికెట్లన్నీ ముందే కొనేశాం, వెళ్లకపోతే డబ్బులు పోతాయని చెప్పండి. అది మాత్రం బాగా పనిచేస్తుంది!

తప్పిపోతే?

హోటల్‌ పేరు, అడ్రస్‌, మీ నంబరు ఇంగ్లిషులో రాసిన కాగితం ఇద్దరి జేబులోనూ ఉండాలి. ఫోన్‌ చార్జింగ్‌ అయిపోయినా కాగితం పనిచేస్తుంది. వాట్సాప్‌లో లైవ్‌ లొకేషన్‌ ఆన్‌ చేయడం ఇంట్లోనే రెండుసార్లు ప్రాక్టీస్‌ చేయించండి. రైలు తలుపు మూసుకుపోయి విడిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే ఆగాలి, మిగిలినవాళ్లు వెనకాల రైల్లో వస్తారు. అత్యవసరమైతే పోలీసులకు 999, అంబులెన్స్‌కు 995.

చివరగా ఒక్క మాట. ఐదు సాయంత్రాల్లో ఒకదాన్ని ఖాళీగా వదిలేయండి. ప్లాన్‌లో ఏమీ రాయొద్దు. ‘ఈపూట ఎక్కడికెళ్దాం, మీరే చెప్పండి’ అని అడగండి. మళ్లీ ఆ లైట్ల చెట్ల దగ్గరికే అనొచ్చు. గుడికి అనొచ్చు. ఊరికే నీళ్ల పక్కన కూర్చుందాం అనొచ్చు. చిన్నప్పటి నుంచీ మనం ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్లినవాళ్లు... ఒక్క సాయంత్రం వాళ్లు చెప్పిన చోటుకి మనం వెళ్దాం.